బడివాళ్లు ‘భవిత’కు రాశామంటే అర్థమేమిటి? గోదావరి డెల్టాలో సహిత విద్య సేవపై సమీక్ష

బళ్లు తెరిచిన నెలా రెణ్నెల్లకు కొన్ని ఇళ్లకు క్లాసు టీచరు నుంచి ఫోను వస్తుంది. ‘మీ అబ్బాయికి చదువులో కొంచెం అదనపు సాయం కావాలనుకుంటున్నామండీ, ఒకసారి వచ్చి సంతకం పెట్టి వెళ్లండి’ అని. ఇక ఆ ఇంట్లో కంగారు మొదలు. మావాణ్ణి మొద్దు అన్నారని ఒకరు, వేరే బడికి తోసేస్తున్నారని ఇంకొకరు, సదరంలో (వైకల్యాన్ని ధ్రువీకరించే చోట) రాయిస్తే పింఛనొస్తుందట కదా అని పక్కింటివారు. కోనసీమలో అమ్మో నాన్నో గల్ఫ్‌లో ఉండి, సంతకం పెట్టాల్సింది తాతయ్యో మామ్మగారో అయిన ఇళ్లు చాలా. వాట్సాప్ కాల్‌లో కబురు కువైట్ చేరేసరికి దాని రూపే మారిపోతుంది.

ఇక్కడ సమీక్షించేది ఏ ఒక్క బడినో కాదు. ప్రభుత్వ బడి చదువుల పథకం సమగ్ర శిక్ష కింద, ప్రత్యేక అవసరాలున్న పిల్లలనూ అందరితో కలిపి చదివించడానికి నడిచే సహిత విద్య సేవను, అంటే బడి పిల్లవాడిని గుర్తించడం, మండలంలో అలాంటి పిల్లలకు సాయం చేసే భవిత కేంద్రానికి రాయడం, అక్కడి ఐఈఆర్‌టీలు (ప్రత్యేక విద్య టీచర్లు) చేసే పని, ఆ తర్వాతి సదరం వ్యవహారం, ఇవన్నీ కలిపి. అభిప్రాయం ముందే చెప్పేయొచ్చు: సేవ పనికొచ్చేదే, పైసా ఖర్చు లేదు. ఆ నిర్ణయాన్ని తల్లిదండ్రులకు చెప్పే తీరు మాత్రం చాలాచోట్ల బాగోదు. ఒక్క లైను రాసి సంతకం చేయించుకుంటారు. ఆ లైను వెనక ఏముండాలో తెలిస్తే అడిగి రాబట్టుకోవచ్చు, తెలియకపోతే ఏడాది గడిచిపోతుంది.

సంతకానికి ముందు జరగాల్సినవి

విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ టీచరుకు అప్పగించిన పనుల్లో ఇదొకటి: ప్రతి పిల్లవాడూ ఎంతవరకు నేర్చాడో చూసి, అవసరమైతే అదనంగా చెప్పాలి. కాబట్టి అదనపు సాయం అనేది బడి చేసే ఉపకారం కాదు, పిల్లవాడి మీద ముద్రా కాదు. అది టీచరు మామూలు పనిలో భాగం. భవితకు రాయడం దాని తర్వాతి మెట్టు.

మొదటి మెట్టు జూన్, జులైలో పెట్టే బేస్‌లైన్ పరీక్ష. అక్షరం, పదం, పేరా, కథ అని చదవడంలో మెట్లు. అంకెలు గుర్తించడం, తీసివేత, భాగహారం అని లెక్కల్లో మెట్లు. పిల్లవాడు ఏ మెట్టు దగ్గర ఆగాడో చూసి, క్లాసులోనే చిన్న గుంపులో పెట్టి కొన్ని వారాలు చెప్పాలి. ఆరు నుంచి ఎనిమిది వారాలు అలా చెప్పినా కదలిక లేకపోతేనే ‘ఇది నేర్పకపోవడం వల్ల వచ్చిన వెనకబాటు కాదేమో’ అన్న అనుమానానికి విలువ. పరీక్ష పెట్టిన వారానికే భవితకు రాసేశారంటే మధ్య మెట్టు ఎగ్గొట్టినట్టే. ఆ ఆరు వారాల్లో ఏం చేశారు, రోజుకు ఎంతసేపు చెప్పారు అని అడగొచ్చు. కోపంగా అడగక్కర్లేదు, ‘మాస్టారూ, ఇప్పటిదాకా ఏం చేసి చూశారండీ’ అంటే చాలు.

రెండోది కన్ను, చెవి. దీన్ని దాటేసి నేరుగా ‘నేర్చుకునే లోపం’ అని రాసేయడం తరచుగా కనిపించే తప్పు. బోర్డు మీది లెక్కని పుస్తకంలోకి ఎక్కించేటప్పుడే తప్పులు వచ్చి, పుస్తకంలోంచి పుస్తకంలోకి ఎక్కించేటప్పుడు రాకపోతే, ముందు చూపు పరీక్ష చేయించాలి. చెవి కారే పిల్లలకు ఒకరోజు వినిపించినట్టు ఇంకో రోజు వినిపించదు. అలాంటివాడు ‘పరధ్యానం’ అనిపించుకుంటాడు. పిల్లల ఆరోగ్యం చూడడానికి బడికి వచ్చే ఆర్‌బీఎస్‌కే బృందం ఈ రెండూ చూస్తుంది. వాళ్లు వచ్చిన రోజు పిల్లవాడు బడి మానేసి ఉంటే ఏరియా ఆసుపత్రికి తీసుకెళ్లి చూపించి, ఆ చీటీ ఫైలులో పెట్టించాలి.

మూడోది మాధ్యమం. ఇంగ్లిషు మీడియం పెట్టాక ఇది బాగా కలగాపులగమైంది. ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిషు ఉన్న జంట భాషల పాఠ్యపుస్తకాలు ఇందుకు మంచి పనిముట్టు. అదే పాఠం తెలుగులో గడగడా చదివి, అర్థం చెప్పి, ఇంగ్లిషులో మాత్రం ఆగిపోయే పిల్లకి కావాల్సింది ఇంగ్లిషు పాఠం, భవిత కాదు. రెండు భాషల్లోనూ ఒకే రకంగా తడబడితేనే ఆలోచించాలి. పిల్లని ఏ భాషలో పరీక్షించారో కాగితం మీద ఉండాలి. చాలా కాగితాల్లో ఉండదు.

ఈ మూడూ అయ్యాక టీచరు ప్రశస్త్ యాప్‌లోని ప్రశ్నావళి నింపుతారు. ఎన్‌సీఈఆర్‌టీ తెచ్చిన ఈ యాప్ 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల సూచనలను వెతుకుతుంది. దాని మొదటి భాగం మామూలు టీచరుకు, రెండోది ప్రత్యేక శిక్షణ ఉన్న టీచరుకు. యాప్‌లో పేరు వచ్చిందంటే ‘ఒకసారి చూపించండి’ అని మాత్రమే అర్థం. రోగం తేల్చే పని యాప్‌దీ కాదు, టీచరుదీ కాదు. ‘యాప్‌లో డిస్లెక్సియా (చదవడంలో వైకల్యం) అని వచ్చిందండీ’ అని ఎవరైనా అంటే ఆ మాట పట్టుకుని ఇంటిల్లిపాదీ దిగులు పడొద్దు.

కాగితం చదివే పద్ధతి

ఎక్కువగా కనిపించే కాగితం ఇలా ఉంటుంది: ‘చదువులో వెనుకబడి ఉన్నందున భవిత కేంద్రమునకు రిఫర్ చేయడమైనది.’ దీంతో ఎవరికీ ఏమీ తెలియదు. మంచి కాగితం ఎలా ఉండాలో చూపించడానికి మూడో తరగతి పిల్ల ఒకర్ని ఊహించుకుందాం:

‘రెండో తరగతి తెలుగు పేరాను 4 నిమిషాల్లో చదివింది. గుణింతాలు వచ్చు, దీర్ఘాలు తరచూ వదిలేస్తోంది. ఒత్తులున్న పదాలు 12లో 3 సరిగా చదివింది. అమ్మను అమ అని, పుస్తకాన్ని పుసకం అని. అదే పేరా చదివి వినిపిస్తే అడిగిన 5 ప్రశ్నలకూ జవాబు చెప్పింది. వారానికి 3 రోజులు, 30 నిమిషాల చొప్పున బడిలోనే విడిగా చదివిస్తాం. డిసెంబరు నెలాఖరుకి ద్విత్వాక్షరాలున్న పదాలు 12లో 9 చదవాలన్నది లక్ష్యం.’

ఇందులో ఒక్క వాక్యం మీద వేలు పెట్టాలంటే, ‘చదివి వినిపిస్తే 5 ప్రశ్నలకూ జవాబు చెప్పింది’ అన్నదాని మీద పెట్టాలి. ఆ ఒక్క మాటతో పిల్లకి బుర్ర ఉంది, అర్థం చేసుకునే శక్తి ఉంది, అక్షరాన్ని శబ్దంగా మార్చే దగ్గరే చిక్కుంది అని తేలిపోతుంది. విన్నా జవాబు చెప్పలేకపోతే దారి వేరు. అది మాట, వినికిడి, ఎదుగుదల వైపు చూడాల్సిన విషయం. కాబట్టి మరేం అడక్కపోయినా సరే, ‘విని చెప్పగలుగుతోందాండీ’ అని అడగండి.

తెలుగు చదవడంలో ఇబ్బంది ఇంగ్లిషులో ఇబ్బందిలా ఉండదు. మనకి రాసిందే పలుకుతాం కాబట్టి, ఇబ్బంది ఉన్న పిల్లలు కూడా కొన్నాళ్లకి అక్షరాలు పట్టేస్తారు. ‘వచ్చేసింది’ అనుకుంటాం. చిక్కు వేగంలో కనిపిస్తుంది, ఒత్తుల్లో, ఎత్వ ఏత్వాల్లో, చూపుకి దగ్గరగా ఉండే జతల్లో కనిపిస్తుంది: మ–య, ప–వ–ష, థ–ధ, బ–భ. రెండో తరగతి దాకా ఇవి అందరూ చేసే తప్పులే. నాలుగో తరగతి మధ్యలో కూడా అదే తప్పు, అదే చోట వస్తోందంటే అప్పుడు పట్టించుకోవాలి. నేర్పే పద్ధతి కూడా అందుకు తగ్గట్టే ఉండాలి. అక్షరమాలని మళ్లీ అ నుంచి మొదలుపెట్టి 56 అక్షరాలూ దిద్దించడం వృథా. దగ్గర పోలికలున్న అక్షరాలను ఒకేరోజు నేర్పకుండా విడదీసి, ఇసుకలో వేలితో రాయిస్తూ నోటితో పలికించి, అక్షరాల కార్డులతో పదాలు కట్టించి, ముందు ద్విత్వాలు, ఆ తర్వాతే సంయుక్తాలు. రోజూ అరగంట చాలు. ఆదివారం రెండు గంటలు కూర్చోబెడితే రాదు. వంద సార్లు ఇంపోజిషన్ రాయించడం ఇలాంటి పిల్లలకి శిక్ష, మందు కాదు.

లెక్కల్లోనూ అంతే. ‘లెక్కల్లో వీక్’ అని రాస్తే ఏం లాభం? 52లోంచి 17 తీసెయ్యమంటే 45 అని వేసిన పిల్లవాణ్ణి చూడండి. ఒకట్ల స్థానంలో 2లోంచి 7 పోదు కాబట్టి 7లోంచి 2 తీసి 5 వేశాడు, పదుల స్థానంలో 5లోంచి 1 తీసి 4 వేశాడు. రెండు తీసివేతలూ తప్పు లేకుండా చేశాడు. వాడికి రానిది పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం ఒక్కటే. పది పుల్లల కట్టలు, విడి పుల్లలు పెట్టి కట్ట విప్పించి చూపిస్తే కొద్ది రోజుల్లో పట్టుకునే విషయం. ఇలాంటివాణ్ణి భవితకు రాయడం అనవసరం. అంకె చూసి ఎంతో చెప్పలేకపోవడం, 8 పెద్దదా 5 పెద్దదా అంటే ప్రతిసారీ వేళ్లు లెక్కపెట్టడం మూడో తరగతి దాటినా ఉంటే అది వేరే సంగతి.

భవిత కేంద్రం

మండల కేంద్రంలో, మామూలుగా ఏదో ఒక ప్రభుత్వ బడి ఆవరణలోనే ఉంటుంది. ప్రత్యేక విద్యలో శిక్షణ పొందిన ఐఈఆర్‌టీలు, ఒక ఆయా, నిర్ణీత రోజుల్లో వచ్చే ఫిజియోథెరపిస్టు. పిల్లవాడి పేరు సొంత బడిలోనే ఉంటుంది, టీసీ ఇవ్వరు, తీసుకోమన్నా ఒప్పుకోకూడదు. సాయం మూడు రకాలుగా ఉంటుంది. తేలిక ఇబ్బందులున్నవాళ్లకి ఐఈఆర్‌టీ బడికే వచ్చి టీచరుకు పద్ధతి చెప్పి వెళ్తారు. కొంత ఎక్కువ అవసరమైనవాళ్లు కొన్ని రోజులు కేంద్రానికి వస్తారు. కదల్లేని పిల్లలకి ఇంటి దగ్గరే, వారానికి ఒక రోజు. విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలకి ఇంటి దగ్గర చదువును ఎంచుకునే హక్కు ఇచ్చింది. ఆ ఎంపిక తల్లిదండ్రులది. బడికి వీల్‌చైర్ ఎక్కే ర్యాంపు లేదు కాబట్టి ఇంటి దగ్గరే ఉండండి అనడానికి బడికి హక్కు లేదు.

సేవలో బాగున్నది ముందు. సెరిబ్రల్ పాల్సీ, కండరాల బిగువు ఉన్న పిల్లలకి ఫిజియోథెరపీ, తల్లికి ఇంట్లో చేయించే వ్యాయామాలు నేర్పడం, క్యాలిపర్లు, వీల్‌చైర్, వినికిడి యంత్రం లాంటివి అలింకో శిబిరాల ద్వారా ఉచితంగా ఇప్పించడం, ఇవి బయట కొనుక్కుంటే మామూలు ఇంటికి తలకు మించిన ఖర్చు. ఎదుగుదల ఆలస్యమైన పిల్లలకి తినడం, తొడుక్కోవడం, బాత్రూమ్ అలవాట్లు ఓపికగా నేర్పే ఐఈఆర్‌టీలు డెల్టాలో ఉన్నారు. వాళ్ల పని బయటికి కనిపించదు.

బాగోలేనివీ ఉన్నాయి. మాటలు నేర్పే స్పీచ్ థెరపిస్టు మండల స్థాయిలో దొరకడం గగనం. చదవడం, రాయడంలో మాత్రమే ఇబ్బంది ఉన్న పిల్లలకు ఈ కేంద్రం అంతగా అమరదు. అక్కడి పని ఎక్కువగా తీవ్ర ఇబ్బందులున్న పిల్లల చుట్టూ తిరుగుతుంది. అందుకే ఇలాంటి పిల్లకి, పైన చెప్పిన మూడో తరగతి పిల్లలాగా, సొంత బడిలోనే వారానికి మూడు రోజులు ఇప్పించమని అడగడం మేలు. పాఠం పోగొట్టుకుని బస్సెక్కి భవితకు వెళ్లి బొమ్మలకు రంగులు వేసి వస్తే ఏం ఒరిగింది? ఇంకోటి, ఐఈఆర్‌టీలకు సర్వేలు, యాప్‌లు, శిబిరాల పని కూడా ఉంటుంది. టైంటేబుల్లో ఉన్న రోజు, నిజంగా పాఠం జరిగిన రోజు ఒకటి కావు. సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో రజనీష్ కుమార్ పాండే కేసులో ప్రాథమిక స్థాయిలో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక ప్రత్యేక టీచరు, పై తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు ఉండాలంది. మీ కేంద్రంలో లెక్క ఎలా ఉందో మీరే చూసుకోవచ్చు.

దారి సంగతి వేరే చెప్పాలి. లంక గ్రామాల పిల్లలకి భవిత కంటే భవితకు చేరడమే పెద్ద పని. ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక దాకా పోనక్కర్లేదు, వరద మొదలైతే కనకాయలంక కాజ్‌వే లాంటివి మునిగి పడవే దిక్కవుతుంది. జులై, ఆగస్టుల్లో పోయిన వారాలను లెక్కలో వేయకుండా ‘మూడు నెలలు ఇచ్చాం, మార్పు లేదు’ అని సమీక్షలో రాస్తే అది న్యాయం కాదు. ఎన్ని రోజులు రాగలిగాడో, ఎన్ని రోజులు పాఠం జరిగిందో రెండూ రాయించండి. వరద నెలల్లో ఇంటికి పని ఇచ్చి ఫోన్లో చూసే ఏర్పాటు ముందే అడిగితే చాలామంది ఐఈఆర్‌టీలు కాదనరు.

సఖినేటిపల్లి వైపు ఉండి పంటు దాటి నరసాపురంలో చదివే పిల్లలకు ఇంకో చిక్కు: ఇల్లు కోనసీమ జిల్లా, బడి పశ్చిమగోదావరి. సాయం ఫైలు మామూలుగా బడి ఉన్న మండలంలో నడుస్తుంది, సచివాలయం పనులు ఆధార్ చిరునామా ఉన్న ఊళ్లో. రెండుచోట్లా ఒకే స్పెల్లింగుతో పేరు ఉండేలా చూసుకోకపోతే తర్వాత తిరగాల్సి వస్తుంది. యానాం అయితే పుదుచ్చేరి కిందిది. ఆంధ్ర ఆఫీసులు అక్కడి బళ్లను చూడవు.

కేంద్రానికి వెళ్లే రోజుల హాజరు సంగతి కూడా మొదటి రోజే తేల్చుకోవాలి. ఆ రోజు సొంత బడి రిజిస్టరులో ఆబ్సెంటు పడితే తల్లి ఖాతాలో డబ్బు వేసే తల్లికి వందనం పథకానికి కావాల్సిన 75 శాతం హాజరు దగ్గర తేడా వస్తుంది. రాకపోకలకు, తోడు వచ్చేవారికి ఇచ్చే భత్యం, ప్రత్యేక అవసరాలున్న ఆడపిల్లలకు నెలకు 200 రూపాయల చొప్పున పది నెలల స్టైపెండు ఉన్నాయి. ఇవి పడాలంటే బడి పిల్లల వివరాలుండే ప్రభుత్వ పోర్టల్ యూడైస్‌లో పిల్ల పేరు పక్కన వైకల్యం రకం సరిగా నమోదై ఉండాలి, బ్యాంకు ఖాతాకు ఆధార్ జతై ఉండాలి. హెడ్మాస్టారిని ఆ స్క్రీను ఒకసారి చూపించమనండి. డబ్బు రాలేదన్న ఫిర్యాదుల్లో ఈ నమోదు తప్పులే ఎక్కువ.

సదరం కావాలా వద్దా

ఇక్కడే అందరూ తికమకపడతారు. క్లాసులో అదనపు సాయానికి సర్టిఫికెట్ అక్కర్లేదు. సర్టిఫికెట్ తెస్తేనే చెబుతాం అనే బడికి విద్యాహక్కు చట్టం 24వ సెక్షనే జవాబు. సర్టిఫికెట్ కావాల్సింది భత్యాలకు, ఉపకరణాలకు, ముఖ్యంగా పదో తరగతి పరీక్షలో అదనపు సమయం, స్క్రైబ్ (పిల్లవాడు చెబితే రాసే మనిషి), భాష మినహాయింపు లాంటి రాయితీలకు. పింఛను అంటారా, అది పూర్తిగా వేరే దారి, వేరే అర్హతలు. పిల్లవాడి చదువు నిర్ణయాన్ని పింఛనుతో ముడిపెట్టి ‘వస్తేనే సంతకం’ అనుకుంటే నష్టపోయేది పిల్లవాడే.

సదరం స్లాటు సచివాలయంలో తీసుకోవాలి. చూపు, వినికిడి, ఎముకల విషయమైతే దగ్గరి ఆసుపత్రిలో అయిపోవచ్చు. మానసిక ఎదుగుదల, ఆటిజం, నేర్చుకునే వైకల్యాలకు మానసిక వైద్యుడు, సైకాలజిస్టు ఉన్న చోటికే వెళ్లాలి. స్లాటు తీసుకునేటప్పుడే ఏ విభాగం అన్నది సరిగా చెప్పకపోతే ఎముకల డాక్టరు ముందు కూర్చుని వెనక్కి వస్తారు. వెళ్లేటప్పుడు ఆధార్, ఫొటోలతో పాటు బడి ఫైలు కాపీ, రెండేళ్ల నోటుపుస్తకాలు, ఐఈఆర్‌టీ రాసిన అంచనా తీసుకెళ్లండి. పది నిమిషాల్లో పిల్లవాణ్ణి చూసే డాక్టరుకి ఆ నోటుపుస్తకాలు చెప్పేది ఎక్కువ.

నేర్చుకునే వైకల్యం విషయంలో వయసు అడ్డు ఉంది. 2018 నాటి కేంద్ర మార్గదర్శకాల ప్రకారం ఎనిమిదేళ్లు నిండినవారికే ధ్రువీకరణ. 14 ఏళ్లకు, 18 ఏళ్లకు మళ్లీ పరీక్ష అని అందులో ఉంది. తెలివితేటల పరీక్ష ఒకటి, చదవడం రాయడం లెక్కల పరీక్ష ఒకటి, రెండూ ఉంటాయి. ఇందుకు నిమ్‌హాన్స్ రూపొందించిన పరీక్షల వరుస వాడతారు. ఒకటో తరగతి పిల్లకి ‘డిస్లెక్సియా సర్టిఫికెట్’ ఇప్పిస్తామని ఎవరైనా డబ్బులడిగితే నమ్మొద్దు. 2024లో ఈ మార్గదర్శకాలను సవరించారు కాబట్టి మెడికల్ బోర్డుకు వెళ్లే ముందు ఐఈఆర్‌టీని ఒకసారి కనుక్కోవడం మంచిది.

చేతికి వచ్చే యూడీఐడీ, అంటే వైకల్య గుర్తింపు కార్డు, దేశమంతా చెల్లుతుంది, యానాంలోనూ చెల్లుతుంది. 40 శాతం లోపు తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80 ఆపైన నీలం గీత. పదో తరగతి రాయితీలకు బడి ప్రతిపాదన నామినల్ రోల్స్‌తో (పరీక్ష రాసేవారి జాబితాతో) పాటు వెళ్లాలి; హాల్‌టికెట్లు వచ్చాక పరిగెడితే పని కాదు. తొమ్మిదో తరగతి వేసవిలోనే కాగితాలు సిద్ధం చేసుకున్న ఇళ్లకు ఇబ్బంది ఉండదు. ఇంకో మాట, స్క్రైబ్‌తో పరీక్ష రాయడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే. తను చెబితే ఇంకొకరు రాయడం అలవాటు లేని పిల్లవాడు పరీక్ష హాల్లో మొదటిసారి అది చేయబోతే చెప్పాల్సింది కూడా మర్చిపోతాడు. త్రైమాసిక, అర్ధసంవత్సర పరీక్షల్లోనే అలా రాయించమని హెడ్మాస్టారిని అడగాలి.

ప్రైవేటు బళ్లు, థెరపీ సెంటర్లు

వికలాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ ప్రభుత్వ గుర్తింపు ఉన్న బళ్లన్నిటి గురించీ మాట్లాడుతుంది, ప్రభుత్వం డబ్బులిచ్చే బళ్ల గురించి మాత్రమే కాదు. పిల్లల్లో నేర్చుకునే వైకల్యాన్ని వీలైనంత తొందరగా గుర్తించి, తగిన పద్ధతులు పాటించాలని అందులో ఉంది. అయినా డెల్టా పట్నాల్లోని చాలా కార్పొరేటు బళ్లలో వినిపించేవి రెండే మాటలు: ‘షాడో టీచర్ని (పిల్లవాడి పక్కనే కూర్చునే టీచర్ని) మీరే పెట్టుకోండి’, లేదంటే ‘టీసీ తీసుకెళ్తే మీకే మంచిదండి’. ఎనిమిదో తరగతి లోపు పిల్లవాణ్ణి బడి నుంచి తీసేయడాన్ని విద్యాహక్కు చట్టమే నిషేధించింది. నోటిమాటకు నోటిమాటతో జవాబు చెప్పకుండా, ‘ఆ మాట కాగితం మీద రాసివ్వండి’ అంటే సగం వ్యవహారం అక్కడే సర్దుకుంటుంది. సర్దుకోకపోతే మండల విద్యాధికారి (ఎంఈఓ), జిల్లా విద్యాధికారి (డీఈఓ), లేదా సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదిక.

భీమవరం, రాజమండ్రి, కాకినాడల్లో థెరపీ సెంటర్లు చాలానే వచ్చాయి. బోర్డు మీది రంగులు, ఏసీ గదులు చూడకండి. థెరపీ చేసే మనిషికి భారత పునరావాస మండలి, అదే ఆర్‌సీఐ, రిజిస్ట్రేషన్ నంబరు ఉందా, పిల్లవాడికి రాతపూర్వక ప్రణాళిక ఇస్తారా, సెషన్లో తల్లిని కూర్చోనిస్తారా? ఈ మూడిట్లో ఏది కాదన్నా బయటికి వచ్చేయండి. తలుపు మూసి గంటసేపు లోపల ఏం చేశారో చెప్పని సెంటరు, ఎంత పేరున్నదైనా, డబ్బు దండగ. ఆరు నెలల ఫీజు ముందే కట్టమనేవాళ్లని, ‘పూర్తిగా నయం చేస్తాం’ అనేవాళ్లని కూడా దూరంగా ఉంచాలి. భవితకు వెళ్తూనే సెంటరుకీ వెళ్తున్నట్టయితే ఒకచోటి ప్రణాళిక ఇంకోచోట చూపించండి; రెండుచోట్ల రెండు రకాలుగా అక్షరాలు నేర్పి పిల్లవాణ్ణి తికమకపెట్టడం మామూలైపోయింది.

ఎక్కడ చెడుతుంది

నిర్ణయం తీసుకున్నాక ఎవరూ వెనక్కి తిరిగి చూడకపోవడం ఈ సేవలో అన్నిటికంటే పెద్ద లోపం. ప్రణాళిక రాస్తారు, లక్ష్యం రాస్తారు, మూడు నెలల తర్వాత చూడాల్సిన తేదీ దగ్గర గళ్లు ఖాళీగా ఉంటాయి. తేదీ మీరే వేయించండి. సంక్రాంతి సెలవుల ముందు ఒకసారి, మార్చిలో ఒకసారి అనుకుంటే చాలు. ఆ రోజు జూన్‌లో చదివించిన పేరానే మళ్లీ చదివించాలి, వేరే పేరా వద్దు. 12లో 3 నుంచి 8కి వచ్చిందా, 4 దగ్గరే ఆగిందా అన్నది అప్పుడే తెలుస్తుంది. కదలిక లేకపోతే పద్ధతి మార్చాలి, పిల్లని కాదు తప్పుపట్టేది. లక్ష్యం చేరిపోతే సాయం తగ్గించాలి, ఆపేయాలి కూడా. అదనపు సాయం ఒకసారి మొదలైతే ఇంక ఎప్పటికీ అనుకోవడం తప్పు; చాలామందికి ఏడాదో రెండేళ్లో చాలు.

ఇంట్లో జరిగే తప్పులకు తల్లిదండ్రులది కూడా బాధ్యత. మామ్మగారు బడికి వచ్చి ‘మావాడికి బుర్ర లేదంటారా ఏంటండీ మాస్టారూ’ అని గట్టిగా అడిగి, టీచరు ‘అబ్బెబ్బే, అదేం లేదండీ మామ్మగారూ’ అని కంగారుపడి, ఇద్దరూ కలిసి కాగితాన్ని పక్కన పెట్టేయడం మర్యాదే, కానీ దానివల్ల పిల్లవాడికి ఏడాది పోతుంది. సాయం వద్దనుకునే హక్కు ఇంటివాళ్లకు ఉంది. వద్దంటే ఎందుకు వద్దన్నారో రాసి, మళ్లీ ఎప్పుడు చూద్దామో తేదీ వేసి వెళ్లడం పద్ధతి. నాన్న గల్ఫ్‌లో ఉంటే సమావేశాన్ని శుక్రవారం పెట్టమని అడగొచ్చు, అక్కడ చాలా దేశాల్లో ఆ రోజు సెలవు, వీడియో కాల్‌లో కూర్చుంటాడు.

ఐదో తరగతి అయ్యి హైస్కూలుకు మారేటప్పుడు టీసీ, మార్కుల కాగితం వెళ్తాయి కానీ ఈ ఫైలు చాలాసార్లు పాత బడి బీరువాలోనే ఉండిపోతుంది. ఆరో తరగతిలో అన్నీ మళ్లీ మొదటికి వస్తాయి. టీసీ తీసుకునే రోజు ఐఈపీ (పిల్లవాడి కోసం విడిగా రాసిన ప్రణాళిక), చివరి సమీక్ష, ఆర్‌బీఎస్‌కే చీటీ, యూడీఐడీ కాపీ, ఈ నాలుగూ జిరాక్సు తీయించుకుని కొత్త హెడ్మాస్టారికి ఇచ్చి, ఇచ్చినట్టు తారీకుతో సంతకం తీసుకోవాలి.